సిలువ మీది దాహం

పదిహేడేళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఏడాదికి ఒకసారైనా గజేంద్రమోక్షం చెప్పవలసి వస్తుంది. ఆ ఘట్టంతో ఒక సౌకర్యం వున్నది. చెప్పేవాడికి పాండిత్యం కాస్త తక్కువైనా పోతన్నగారే గట్టెక్కిస్తారు. మొసలి నోట చిక్కిన ఏనుగు ఏళ్ల తరబడి పెనుగులాడి, బలమంతా ఉడిగి, దేవుడున్నాడో లేడో అన్న సందేహం దాకా వెళ్లి, ఆ సందేహాన్ని కూడా దాటుకుని ఒక్క కేక పెడుతుంది. ఆ కేక వైకుంఠంలో వినపడుతుంది. విష్ణువు లేస్తాడు. పక్కనున్న లక్ష్మితో మాటమాత్రం చెప్పడు. శంఖచక్రాల కోసం ఆగడు. పరుగు తీస్తాడు. అక్కడికి వచ్చేసరికి చివరి బెంచీలవాళ్లు కూడా తలెత్తి వింటారు.

నాలుగేళ్ల కిందట ఒకనాడు అట్లాగే విష్ణుమూర్తిని పరుగెత్తించి, ఆయనతోపాటు నేను కూడా కాస్త ఆయాసపడి, ఏమైనా అడగదలుచుకుంటే అడగమన్నాను. మామూలుగా అయితే పరీక్షలో ఏ పద్యం వస్తుందని అడుగుతారు. ఆ రోజు మూడో వరుసలోనుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. క్లాసులో నోరు విప్పే పిల్ల కాదు.

"మాస్టారూ, ఏనుగు పిలిస్తే దేవుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మా బైబిల్లో దేవుని కుమారుడే సిలువ మీదనుంచి పిలిచాడండీ. ఎవ్వరూ రాలేదు. మరి ఆ పిలుపు ఏమైపోయినట్టండీ?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. అది వేరే కథ అమ్మా, దాని అన్వయం వేరు, అని ఏదో నసిగాను. ఇంతలో గంట కొట్టారు. బతుకుజీవుడా అనుకుంటూ బయటపడ్డాను.

ఆ అమ్మాయి తల్లి అంతకు రెండు నెలల ముందే పోయిందనీ, ఆస్పత్రి మంచం పక్కన ఇంటిల్లిపాదీ రాత్రింబవళ్లు ప్రార్థనలు చేశారనీ తరువాత తోటి లెక్చరరు ఒకాయన చెప్పారు. అప్పుడు తెలిసింది, అది పోతన్నగారి మీద వేసిన ప్రశ్న కాదని.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా పాఠం చెప్పేవాడికి తెలియనిది తెలుసుకోవలసిన బాధ్యత ఒకటి వుంటుంది కదా. సువార్తలు తీసి చదివాను. ఆ సంవత్సరం శుభ శుక్రవారం నాడు ఆ అమ్మాయి వెళ్లే చర్చికి నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఆమె ప్రశ్నకు నేను జవాబు కనిపెట్టానని చెప్పను. ఆ ప్రశ్న వెంట నడిచి ఎంత దూరం వెళ్లగలిగానో అది మాత్రం చెబుతాను.

మూడు గంటలు, ఏడు మాటలు

మంచి ఎండాకాలం. చర్చి గేటు పక్కన యువకులు తాటాకుల పందిరి వేసి చలివేంద్రం పెట్టారు. లోపల జనం కిక్కిరిసి వున్నారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆరాధన మొదలై మూడింటికి ముగుస్తుంది. ఆ మూడు గంటలకు అర్థం వున్నది. యేసును సిలువ వేసిన రోజున మధ్యాహ్నం నుంచి మూడు గంటల వరకు దేశమంతటా చీకటి కమ్మిందనీ, మూడు గంటల వేళ ఆయన పెద్ద కేక వేశాడనీ సువార్తలు చెబుతాయి. సిలువ మీదనుంచి ఆయన పలికిన మాటలు ఏడు. మాటకు ఒకరు చొప్పున ఏడుగురు లేచి ప్రసంగిస్తారు. ఒక్కొక్క మాటకు ముందూ వెనుకా పాట.

ఈ ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు వున్నాయి: తనను హింసించేవారిని క్షమించమనడం, పక్క సిలువ మీది దొంగకు అభయమివ్వడం, చివరికి ఆత్మను తండ్రికి అప్పగించడం. యోహానులో మూడు వున్నాయి: తల్లిని శిష్యుడికి అప్పగించడం, దాహమవుతున్నదనడం, అంతా ముగిసిందనడం. మత్తయి, మార్కు సువార్తలు ఒక్క మాటనే చెబుతాయి. ఆ అమ్మాయి ప్రశ్న ఆ ఒక్క మాట గురించినదే. నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావని యేసు కేక వేశాడు. సువార్తను గ్రీకు భాషలో రాసిన రచయితలు ఈ మాటను ఆయన పలికిన భాషలోనే వుంచి, పక్కన అర్థం చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు పోయేముందు అన్న మాటను మనం ఆ యాసతో సహా గుర్తుపెట్టుకుంటామే, అట్లాగన్నమాట.

ఇదంతా పురాణకాలపు సంగతి కాదు. రోమను చక్రవర్తుల కింద పొంతి పిలాతు యూదయను పాలించినది క్రీస్తు శకం 26 నుంచి 36 వరకు. అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ శిథిలాల్లో దొరికింది. సిలువ రోమనులు బానిసలకూ, తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. ప్రాణం త్వరగా పోకూడదు. పోయేదాకా దారినపోయేవాళ్లు చూడాలి. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో ఎముకల పెట్టె బయటపడింది. అందులో యెహోహానాన్ అనేవాడి మడమ ఎముకలోనుంచి ఇనుప మేకు ఇంకా దూసుకునే వున్నది. మేకు కొస వంగిపోవడం వల్ల ఊడదీయడానికి వీలుకాక అట్లాగే పాతిపెట్టారు. చరిత్ర పుస్తకంలో సిలువ శిక్ష అని ఒక్క ముక్కలో చదివి పేజీ తిప్పేస్తాము. ఆ మేకును తలుచుకుంటే పేజీ తిప్పడానికి చేయి రాదు.

గిన్నె

సిలువకు ముందు రాత్రి సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఒలీవల కొండ దగ్గర గెత్సేమనే అనే తోట. యేసు శిష్యుల్ని మెలకువగా వుండమని చెప్పి, కొంచెం దూరం వెళ్లి బోర్లాపడి ప్రార్థిస్తాడు. సాధ్యమైతే ఈ గిన్నె నా దగ్గరనుంచి తొలగించమని తండ్రిని వేడుకుంటాడు. అయినా నీ ఇష్టమే కానిమ్మంటాడు. తిరిగి వచ్చి చూస్తే శిష్యులు నిద్రపోతున్నారు. మూడుసార్లు వెళ్లి వస్తాడు. మూడుసార్లూ నిద్రే.

ఆ గిన్నె అన్నమాట వినగానే తెలుగువాడికి హాలాహలం గుర్తుకు రాక మానదు. అది కూడా పోతన్నగారి అష్టమ స్కంధంలోనిదే. లోకాలు దగ్ధమైపోతుంటే శివుడు విషాన్ని తాగి కంఠంలో నిలుపుకున్నాడు. లోకుల పాపభారాన్ని, దాని ఫలితాన్ని యేసు తన మీద వేసుకున్నాడనీ, సిలువ మరణం వారికి ప్రాయశ్చిత్తమైందనీ క్రైస్తవుల మూల విశ్వాసం. అందువల్ల పోలిక బాగానే వున్నదనిపిస్తుంది. కాని పోలిక కొంత దూరమే నడుస్తుంది. శివుడికి ఆ విషం కంఠాభరణమైంది. ఆయన భయపడలేదు, చెమట పట్టలేదు. గెత్సేమనేలో యేసు భయపడ్డాడు. గిన్నె వద్దన్నాడు. మన పురాణాలు దేవుడి మహిమను దాచుకోలేదు. సువార్తలు యేసు భయాన్ని దాచుకోలేదు. ఈ తేడా తెలిస్తేగాని సిలువ ముందు కన్నీళ్లు పెట్టుకునే ముసలమ్మ మనకు అర్థం కాదు. ఆమె ఏడుస్తున్నది బలవంతుడైన దేవుణ్ణి చూసి కాదు, తనలాగే భయపడినవాణ్ణి చూసి.

ఇంకొక చిన్న సంగతి. సిలువ వేయబోయే ముందు ఆయనకు బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారని మార్కు సువార్త చెబుతుంది. నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు పానీయమది అని వ్యాఖ్యాతలంటారు. ఆయన పుచ్చుకోలేదు. బాధను మొద్దుబార్చే పానీయాన్ని కాదన్నవాడే, గంటలు గడిచాక, దాహమవుతున్నదని అడుగుతాడు.

దప్పిగొన్న లేడి

దేవుడి కోసం పడే తపనకు దాహంతో పోలిక క్రైస్తవులు కొత్తగా కల్పించినది కాదు. యూదుల కీర్తనల గ్రంథం నుంచి వచ్చింది. ఆ దేశం సగం ఎడారి. అక్కడి కవికి తీవ్రమైన కోరికకు దాహాన్ని మించిన ఉపమానం దొరకదు. నలభై రెండో కీర్తనలో సెలయేటి కోసం రొప్పుతున్న లేడిని కవి తన ప్రాణంతో పోల్చుకుంటాడు. రాత్రీ పగలూ కన్నీళ్లే తనకు అన్నమైనాయంటాడు. నీ దేవుడెక్కడున్నాడని పక్కవాళ్లు దెప్పుతుంటే జవాబు చెప్పలేకపోతాడు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఆగస్టీను తన ఆత్మకథ మొదటి పేజీలోనే మనిషి మనసు దేవుణ్ణి చేరేదాకా కుదుటపడదని రాసుకున్నాడు. చదువూ, కీర్తీ, సుఖాలూ అన్నీ రుచి చూసి, ఏదీ దాహం తీర్చలేదని తేల్చుకున్నాక రాసిన మాట అది.

ఇంతవరకు మనకు పరిచయమైన దారే. మన సాహిత్యంలో దీనికి విరహమని పేరు. అన్నమయ్య పదాల్లో నాయిక స్వామి కోసం వేగిపోతుంది. విప్రలంభ శృంగారం చెప్పేటప్పుడు విద్యార్థులకు నేనొక మాట చెబుతుంటాను. బంధం లేనిచోట విరహం వుండదు. దారినపోయేవాడు రాలేదని ఎవరూ ఏడవరు.

ఆ మాట చెప్పిన నాకే సిలువ మీది కేక అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. విడిచిపెట్టావని అంటున్నప్పుడు కూడా ఆయన సంబోధన నా దేవా అనే. ఇరవై రెండో కీర్తన మొదలయ్యేది ఆ మాటతోనే. ఆ కీర్తనలో కవి తన బలం పెంకులాగా ఎండిపోయిందనీ, నాలుక దవడకు అంటుకుపోయిందనీ మొరపెట్టుకుంటాడు. చివరికి స్తోత్రంతో ముగిస్తాడు. అందుకని యేసు ఆ కీర్తననే ప్రార్థనగా ఎత్తుకున్నాడని కొందరు పండితులంటారు. స్తోత్రం సంగతి చెప్పి ఆ కేకలోని బాధను తగ్గించవద్దని మరికొందరంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మన ఇళ్లల్లో కష్టకాలంలో విష్ణుసహస్రనామం అందుకునే ముసలివాళ్లకు ప్రార్థనా ఏడుపూ వేరువేరుగా వుంటాయా?

సిలువ కథలో కొత్తగా కనిపించేది మరొకటి. దేవుడి కోసం మనిషి దాహపడడం మనం ఎరిగినదే. ఇక్కడ దేవుడని నమ్మినవాడు మనిషిని నీళ్లడుగుతాడు. అది సిలువ మీదే మొదలు కాదు. యోహాను సువార్తలో అంతకు ముందే, మిట్టమధ్యాహ్నం వేళ, నడిచి నడిచి అలసిన యేసు యాకోబు బావి గట్టున కూర్చుని సమరయ స్త్రీని దాహమడుగుతాడు. యూదులు సమరయుల చేతి నీళ్లు ముట్టుకోని రోజులవి. నీవు యూదుడివై నన్నెట్లా అడుగుతున్నావని ఆమె ఆశ్చర్యపోతుంది. బావి దగ్గర ఎవరు తోడుకోవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అనే లెక్కలు తరతరాలు చూసిన మన ఊళ్లల్లో ఆ ఆశ్చర్యానికి టీకాతాత్పర్యాలు అక్కరలేదు.

పరుగెత్తినవాడు

ఇక అమ్మాయి ప్రశ్న. పిలిస్తే ఎవరూ రాలేదా?

సువార్తను మళ్లీ చదివితే ఒక సంగతి కంటపడింది. ఆయన ఎలీ అని కేక వేయగానే కింద నిలబడినవాళ్లు సరిగ్గా వినలేదు. ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నాడనుకున్నారు. వెంటనే వారిలో ఒకడు పరుగెత్తాడు. ఒక స్పంజి తీసుకుని పులిసిన ద్రాక్షారసంలో ముంచి, కర్రకు తగిలించి, ఆయన నోటికి అందించాడు. మిగతావాళ్లు వుండవోయ్, ఏలీయా వచ్చి రక్షిస్తాడేమో చూద్దామన్నారు.

మత్తయీ మార్కూ ఇద్దరూ వాడు పరుగెత్తాడనే రాశారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. వైకుంఠం నుంచి విష్ణువు పరుగెత్తాడు. గొల్గొతా దగ్గర పరుగెత్తినవాడు పేరు లేని ఒక మనిషి. వాడు సైనికుడో, దారినపోయేవాడో తెలియదు. జాలితో ఇచ్చాడో, ఏలీయా వచ్చేదాకా వీణ్ణి బతికించి తమాషా చూద్దామని ఇచ్చాడో అదీ తేలదు. లూకా సువార్తలో పులిసిన రసం ఇచ్చిన సైనికులు ఎగతాళిగానే ఇచ్చారు. వాడి చేతిలో వున్నది అమృతం కాదు, పేదవాళ్లూ సిపాయిలూ తాగే పుల్లటి నీళ్లు. కాని పరుగెత్తాడు. సిలువ వేయబడినవాడు పుచ్చుకున్నాడని యోహాను చెబుతాడు.

కేక వేసినా ఆకాశం తెరుచుకోలేదన్నది నిజమే. నేల మీద ఒకడు పరుగెత్తాడన్నదీ అంతే నిజం. క్రైస్తవ చరిత్రలో నాకు తెలిసినంతవరకు గొప్ప సంగతులన్నీ ఈ రెండో నిజం చుట్టూ అల్లుకున్నవే.

బొమ్మలో పుండ్లు

మొదటి తరాల క్రైస్తవులు సిలువ మీది యేసును బొమ్మగా వేయలేదు. అది అవమానకరమైన చావు. రోములోని పాలటైన్ కొండ మీద 1857లో బయటపడిన ఒక గోడగీత అందుకు సాక్ష్యం. గాడిద తలతో ఒక మనిషి సిలువ మీద వున్నాడు. కింద ఒకడు నమస్కరిస్తున్నాడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడని పక్కన వెక్కిరింత. ఆ అలెక్సమెనోస్ ఎవరోగాని, తోటివాళ్ల ఎగతాళి మధ్య బతికినవాడు. ఐదో శతాబ్దంలో రోములోని సాంతా సబీనా చర్చి తలుపు మీద సిలువ దృశ్యం చెక్కినప్పుడు కూడా యేసు కళ్లు తెరుచుకునే వున్నాడు, బాధ కనపడదు. బాధపడుతున్న యేసును కళ్లారా చూసే ధైర్యం రావడానికి శతాబ్దాలు పట్టింది.

ఆ ధైర్యానికి పరాకాష్ఠ ఇసెన్‌హైమ్ చిత్రం. ఇప్పుడది ఫ్రాన్సు దేశంలో కొల్మార్ పట్టణపు మ్యూజియంలో వున్నది. గ్రూనెవాల్డ్ అనే జర్మను చిత్రకారుడు 1512, 1516 మధ్య ఇసెన్‌హైమ్‌లో సంత్ అంతోని పేరిట నడిచే మఠం కోసం వేశాడు. ఆ మఠంలో ఆస్పత్రి వుండేది. బూజు పట్టిన రై ధాన్యపు రొట్టె తినడం వల్ల వచ్చే ఒక భయంకరమైన రోగానికి అక్కడ చికిత్స చేసేవారు. ఒళ్లంతా నిప్పు అంటుకున్నట్టు మంట. కాళ్లూ చేతులూ కుళ్లి నల్లబడిపోయేవి. కోసివేయవలసి వచ్చేది. కారణం బూజు అని అప్పటివాళ్లకు తెలియదు. సంత్ అంతోని అగ్ని అని పిలిచేవారు.

ఆ రోగుల్ని తీసుకువచ్చి ఈ చిత్రం ముందు వుంచేవారు. అందులోని యేసు అందగాడు కాదు. దేహం పచ్చబడి వున్నది. చర్మమంతా ముళ్లు విరిగి, పుండ్లు. వేళ్లు కొంకర్లుపోయి ఆకాశాన్ని అడుగుతున్నట్టున్నాయి. రోగి తన ఒంటి మీది పుండ్లను ఆయన ఒంటి మీద చూసుకునేవాడు. పండుగనాడు పటం తలుపులు తెరిచేటప్పుడు, అతుకు సరిగ్గా భుజం దగ్గర రావడంతో, ఆయన చేయి దేహం నుంచి వేరుపడినట్టు కనపడేదని పరిశీలకులు రాశారు. చేయి పోగొట్టుకున్నవాడు దాన్ని చూసి ఏమనుకునేవాడో మనం ఊహించుకోవలసిందే. తలుపుల వెనుక ఇంకొక బొమ్మ వున్నది. మూడోనాడు సమాధినుంచి లేచిన యేసు. ఒంటి మీద ఒక్క పుండు లేదు, మేకుల గుర్తులు మాత్రం మిగిలి వున్నాయి. క్రైస్తవుల ఈస్టరు అదే. కాని ఆ తలుపులు రోజూ తెరిచేవారు కారు. మామూలు రోజుల్లో రోగి కళ్లెదుట వున్నది సిలువే.

కలకత్తాలో ఒక గోడ

మన కాలానికి, మన దేశానికి వద్దాము. 1929లో పందొమ్మిదో ఏట కలకత్తా వచ్చిన సిస్టరు తెరెసా, 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు వెళ్లే రైల్లో ప్రయాణం చేస్తూ, నిరుపేదల మధ్య బతకమని యేసు తనను పిలుస్తున్నాడని అనుకున్నది. 1950లో ఆమె స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ ప్రార్థనా మందిరాలన్నిటిలోనూ సిలువ పక్కన గోడ మీద ఒకే మాట రాసి వుంటుంది. నాకు దాహమవుతున్నదన్న ఆ ఐదో మాట. పైన దేవుడూ కింద మనుషులూ అని కాకుండా, దాహంతో వున్నవాడు దేవుడే, నీళ్లివ్వవలసినది మనం అని ఆమె చదువుకున్నది. 1952లో కాళీఘాట్‌లో చావు బతుకుల్లో వున్నవారి కోసం నిర్మల్ హృదయ్ తెరిచింది. ఆమె ఆశ్రమాల్లో వైద్యం చాలినంత లేదని విమర్శించినవారు వున్నారు. ఆ విమర్శను తోసిపుచ్చవలసిన పని లేదు.

నాకు ఆశ్చర్యం కలిగించినది వేరొకటి. 1997లో ఆమె చనిపోయిన పదేళ్లకు, 2007లో, ఆమె తన గురువులకు రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. వాటిని తగలబెట్టేయమని ఆమె కోరిందట. అందులో తేలిన నిజమేమిటంటే, పేదల మధ్య పని మొదలుపెట్టిన రోజుల నుంచి దాదాపు బతుకంతా ఆమెకు దేవుడు దగ్గరున్నట్టు అనిపించలేదు. 1958లో కొద్దికాలం వెలుగు కనపడి మళ్లీ చీకటైంది. ప్రార్థిస్తే జవాబు లేదు. పైకి చిరునవ్వు, లోపల ఎండిన బావి. ఆమె తలుచుకుని తలుచుకుని ఏడ్చినది ఆ నాలుగో మాటనే, విడిచిపెట్టావెందుకని. చాలా ఏళ్ల తరువాత ఒక గురువు ఆ చీకటిలో ఆమె వున్నది సిలువ దగ్గరేనని చెప్పాక కొంత ఊరట పొందింది.

ఇట్లాంటి చీకటి ఆమెకు ముందూ వున్నది. స్పెయిను దేశపు కవి, సన్యాసి, సిలువ యోహాను అనే ఆయనను 1577లో తోటి సన్యాసులే తొలెదో నగరంలో ఒక ఇరుకు గదిలో బంధించారు. తొమ్మిది నెలల తరువాత తప్పించుకున్నాడు. ఆ గదిలోనే ఆయన విరహ గీతాలు పుట్టాయి. ప్రియుణ్ణి వెతుక్కుంటూ తిరిగే నాయిక పాటలవి. చీకటి రాత్రినే దేవుడి దగ్గరికి దారిగా చెప్పుకున్నాడు.

లోపల నీళ్లు లేనివాళ్లు పక్కవాడికి నీళ్లెట్లా పోశారన్నది నాకు ఈనాటికీ అంతుపట్టని సంగతి. అయితే ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. బాధను పూజించడం వేరు, బాధపడేవాణ్ణి చేరడం వేరు. దేవుడే బాధపడ్డాడు కనుక నువ్వూ ఓర్చుకో అని పేదవాడికి చెప్పడానికి సిలువను వాడుకున్నవారు చరిత్రలో కొల్లలు. స్పంజి పట్టుకుని పరుగెత్తినవాణ్ణి ఆగవోయ్, చూద్దామన్నవాళ్లు కూడా ఆ సిలువ కిందనే నిలబడ్డారు మరి.

తెలుగులో ఆ పిలుపు

ఈ సిలువ తెలుగు నేలకు వచ్చి తెలుగు రాగాలే పలికింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ఆయన కీర్తనలు ఇప్పటికీ తెలుగు చర్చిలలో పాడుతున్నారు. వింటే రామదాసు కీర్తనలు విన్న చెవులకు కొత్తగా వుండదు. అదే శరణాగతి, అదే నిష్ఠూరం.

జాషువగారి సంగతి చెప్పనక్కరలేదు. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవికి "క్రీస్తు చరిత్ర" కావ్యం 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిపెట్టింది. అయితే ఆయన రాసిన వాటిలో సిలువ మీది కేకకు అతి దగ్గరగా వచ్చినది నా మట్టుకు "గబ్బిలం" (1941). గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి ఆకలితో, తన గోడు కాశీలోని శివుడికి విన్నవించమని గుడిలో వేలాడే గబ్బిలంతో చెప్పి పంపుతాడు. దేవుడు అతని కోసం పరుగెత్తుకు రాడు. అతని గోడు మాత్రం పద్యమై తెలుగువాళ్ల ఇంటింటికీ వచ్చింది. వాళ్ల మనసాక్షిని నిద్రపోనివ్వలేదు. జవాబు చెప్పవలసిన భారం వినేవాళ్ల మీద పడింది. ఇది పాఠం చెబుతూ ఎన్నోసార్లు అనుకున్నదే. సిలువకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుందని ఆ మూడు గంటల ఆరాధనలో కూర్చున్నాకే తోచింది.

మూడు గంటల తరువాత

ఏడో ప్రసంగం అయిపోయింది. గంట మోగలేదు. శుభ శుక్రవారం నాడు ఆ చర్చిలో గంట మోగించరట. జనం చప్పుడు చేయకుండా బయటికి నడిచారు. ఆనందం ఆదివారానిది. మధ్యలో శనివారమొకటి వున్నది. ఆ శనివారం గురించి సువార్తలు దాదాపు ఏమీ చెప్పవు. స్త్రీలు విశ్రాంతిదినం పాటించారని లూకా ఒక్క ముక్కతో సరిపెడతాడు. పోయినవాళ్లను పాతిపెట్టి వచ్చి ఇంట్లో కూర్చున్న రోజు అది. తల్లి పోయిన ఆ అమ్మాయి వున్నది ఆ శనివారంలోనే.

బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. పొద్దుటినుంచి నేనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నా దాహానికి ఏ వేదాంతమూ లేదు. చలివేంద్రం దగ్గర ఆ అమ్మాయి నిలబడి వున్నది. కుండలోనుంచి ముంచి గ్లాసు నా చేతికిచ్చింది.

"మాస్టారూ, వచ్చారా!"

"వచ్చానమ్మా. నువ్వడిగిన దాని గురించి చదివాను. నువ్వు చెప్పినట్టు ఎవరూ రాకపోలేదు. ఒకడు పరుగెత్తాడు" అన్నాను.

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "స్పంజీ అతనా అండీ?" అన్నది. "వాడు ఆయన్ని కిందికి దించలేదు కదండీ."

"దించలేదు."

ఆమె ఇంకేదో అడగబోయింది. ఇంతలో రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. మనుషులు కిటికీల దాకా కుక్కుకుని వున్నారు. కండక్టరు అప్పుడే ఈల వేశాడు. కిటికీలోనుంచి ఒక ముసలావిడ ఎండిన చేయి చాపి, అమ్మా, మంచినీళ్లు, అన్నది.

అమ్మాయి నా మాట వదిలేసింది. గ్లాసు నిండా ముంచి, ఒలికిపోకుండా రెండో చేయి అడ్డుపెట్టుకుని, కదులుతున్న బస్సు వెంట పరుగెత్తింది.